బైకుకీ లారీకీ ఒకే లెక్క ఎలా కుదురుతుందండీ?

ట్రాఫిక్ ఆలస్యం ఖర్చు మొత్తాన్ని బండ్ల సంఖ్యతో భాగించానని, బస్సుకీ బైకుకీ ఒకే వాటా వచ్చిందని రాశారు కదా, తేడా అక్కడే కొట్టింది. బండ్లను లెక్కపెట్టకండి, అవి తినే రోడ్డును లెక్కపెట్టండి. సిగ్నల్ పడ్డాక లోడ్ లారీ గేర్లు మార్చుకుంటూ కదిలేసరికి వెనకున్న కొన్ని కార్లకు మళ్లీ ఎర్రలైటు పడుతుంది, ఆ ఆలస్యం లారీ ఖాతాలోకే రావాలి. అందుకే ప్రతి బండినీ కార్లలోకి మారుస్తారు, ఒక బండి ఎన్ని కార్లకు సమానమో చెప్పే ఆ కొలతనే పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) అంటారు. అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్ 2010 ఎడిషన్‌లో ఫ్రీవే (సిగ్నళ్లు లేని పెద్ద రహదారి) మీద లారీకి చదును నేలలో 1.5, ఎత్తుపల్లాల్లో 2.5, కొండల్లో 4.5 కార్లు. బైకుకి ఒకటి కంటే తక్కువే. మీ రోడ్డుకు సరిపోయే విలువలే వాడండి, ఇవి గుడ్డిగా పెట్టేయొద్దు.

ఇంకోటి, బండి పడే నష్టం వేరు, పక్కవాళ్లకు పెట్టే నష్టం వేరు (నేనూ మొదట్లో రెండూ కలిపేసి తల పట్టుకున్నాను). పంచేటప్పుడు రెండోదే తీసుకోండి. తర్వాత మనిషి లెక్కకి మార్చండి: బస్సు 3 కార్ల చోటు తిని 40 మందిని మోస్తోందనుకుంటే తలకి 0.075 కారు చోటు, ఒక్కడే కూర్చున్న కారుకైతే నిండా 1. రద్దీ గంటల్ని మాత్రం విడిగా వేయండి, ఖాళీ రోడ్డు మీద ఈ ఖర్చు దాదాపు సున్నా.