పలక విరిగిందా, నలిగిందా?

సందేహం: ఇంజనీరింగ్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. శాండ్‌విచ్ పలకల మీద నెమ్మదిగా భారం పెంచినప్పుడూ, ఏదైనా వచ్చి తగిలినప్పుడూ అవి ఎలా పాడవుతాయో చెప్పాలి. ‘పలక విఫలమైంది’ అనాలా, ‘విరిగింది’ అనాలా? తగిలే దెబ్బకు ‘ఘాత భారం’ సరైన మాటేనా?

సమాధానం: ‘విఫలం’ వదిలేయండి. అది ప్రయత్నానికి చెల్లుతుంది, పలకకు కాదు. విరగడం కర్రకూ ఎముకకూ సరే. కానీ తాడు తెగుతుంది, కుండ పగులుతుంది, బట్ట చిరుగుతుంది. ఏది ఎలా పాడైందో తెలుగులో క్రియే చెప్పేస్తుంది. మీకు కావలసిందీ అదే.

శాండ్‌విచ్ పలక అంటే రెండు పలచని గట్టి రేకులు, మధ్యలో అతికించిన తేలికైన పొర. ఆ పొర తేనెపట్టు గదుల అల్యూమినియం కావచ్చు, నురుగు (ఫోమ్) కావచ్చు, బాల్సా చెక్క కావచ్చు. 1940లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ మస్కిటో విమానానికి ప్లైవుడ్ నడుమ బాల్సా పెట్టారు. పలక వంగితే పైరేకు నొక్కుకుంటుంది, కిందిరేకు సాగుతుంది, రెండూ జారకుండా పట్టి ఉంచేది నడిమి పొర. అవే రేకుల మధ్య ఎడం రెట్టింపు చేస్తే, వంగకుండా నిలిచే గట్టితనం సుమారు నాలుగు రెట్లవుతుంది. భారం మితిమీరితే పైరేకు ముడత పడవచ్చు, కిందిరేకు చిరగవచ్చు, నురుగు ఏటవాలుగా చీలవచ్చు, అతుకు వదలవచ్చు. సన్‌మైకా ‘లేచింది’ అంటాం కదా, అదీ పనికొస్తుంది. అన్నిటికీ ‘విరిగింది’ అని రాస్తే పరీక్ష చేసినవాళ్ల శ్రమ వృథా!

దెబ్బ సంగతి వేరు. స్పానర్ జారిపడిందనుకోండి. రేకు మీద చిన్న సొట్ట, ఒక్కోసారి అదీ కనపడదు. లోపల తేనెపట్టు గదులు మాత్రం నలిగి ఉంటాయి. అందుకే నాణెంతో తట్టి వింటారు. అతుకు ఊడినచోట మొద్దు చప్పుడు వస్తుంది. గదులకు ‘నలిగింది’, రేకుకు ‘సొట్టపడింది’ అని విడివిడిగా రాయండి.

‘ఘాతం’ గణితంవాళ్లు ఎప్పుడో తీసేసుకున్నారు. భౌతికశాస్త్ర పాఠాల్లోని ‘అభిఘాతం’ శీర్షికకు పెట్టుకోండి, వాక్యంలో ‘దెబ్బ’ చాలు. ‘స్థిర భారం’ అంటే అసలు మారని భారం అనుకునే ప్రమాదం ఉంది కనుక, మొదటిసారి వచ్చినచోట ‘నెమ్మదిగా పెంచే భారం’ అని విప్పి చెప్పండి. ‘బరువు’ మాత్రం వద్దు. పరీక్షలో యంత్రం పైనుంచి నొక్కుతుందే గానీ ఎవరూ బరువులు పెట్టరు.