గేట్లు తెరిచేలోపు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పోటీల నిర్వహణలో, అందులోనూ ఆటస్థలం ఏర్పాట్ల విభాగంలో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది తల్లీ. నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా చెప్పేది కొలతల గురించి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల జిమ్నాస్టిక్స్ ఆల్‌రౌండ్ ఫైనల్ సగంలో ఉండగా వాల్ట్ (పరుగెత్తుకొచ్చి చేతులానించి పైకి ఎగిరే బల్ల) ఎత్తు తేడాగా ఉందని బయటపడింది. 125 సెంటీమీటర్లు ఉండాల్సింది 120 దగ్గర బిగించారు. దాన్ని పట్టుకున్నది అధికారులు కాదు, పోటీలో ఉన్న ఆస్ట్రేలియా అమ్మాయి అలానా స్లేటర్. అప్పటికే రష్యా జిమ్నాస్ట్ స్వెత్లానా ఖోర్కినా వాల్ట్ దగ్గర పడిపోయింది, ఆ తర్వాత బార్స్ (పట్టుకుని ఊగే రెండు కడ్డీలు) మీదా తప్పింది. కావాలంటే వాల్ట్ మళ్లీ చేయొచ్చన్నారు గానీ, అప్పటికి ఆమెకు అది అక్కరకు రాలేదు. ఏళ్ల తరబడి చేసిన సాధన ఐదు సెంటీమీటర్ల దగ్గర చెదిరిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఉసూరుమంటుంది.

అందుకే, నీ చేతికి చెక్‌లిస్టు ఇస్తే టిక్కులు పెట్టి ఊరుకోకు. టేపు మీద కనబడిన అంకెనే రాయి. ఒకరు కొలిచి పైకి చదవాలి, ఇంకొకరు రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. ‘నిన్న చూశాం కదా’ అనే మాట నీ బృందంలో ఎవరి నోటా రానివ్వకు. రాత్రి శుభ్రం చేసేవాళ్లు జరిపి ఉండొచ్చు, కెమెరావాళ్లు కేబుల్ కోసం పక్కకు నెట్టి ఉండొచ్చు. ప్రతి సెషన్ ముందూ మళ్లీ కొలవాల్సిందే.

వీలైతే మారథాన్ దారి కొలిచేవాళ్లతో ఒక పూట గడుపు. సైకిల్ ముందు చక్రానికి చిన్న కౌంటర్ బిగించి, మలుపుల దగ్గర రోడ్డు అంచుకు ముప్పై సెంటీమీటర్ల దూరంలో తొక్కుకుంటూ పోతారు. ఎండకి టైరులో గాలి మారితే లెక్క తప్పుతుందని, ముందే కొలిచిపెట్టుకున్న దూరం మీద మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సైకిల్‌ని సరిచూసుకుంటారు. ఎవరు కొలిచినా 42.195 కిలోమీటర్లకు తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. పని మీద అంత భయభక్తులు ఉండాలి.

జెండాలు, జాతీయగీతాలు, పేర్ల ఉచ్చారణ నీ విభాగం కాకపోయినా ఓ కన్నేసి ఉంచు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా మహిళల ఫుట్‌బాల్ జట్టును పరిచయం చేస్తూ తెర మీద దక్షిణ కొరియా జెండా చూపించారు. ఆటగాళ్లు మైదానం వదిలి వెళ్లిపోయారు. ఆట సుమారు గంట ఆలస్యమైంది. ఆ జట్టు మేనేజర్‌కి ముందే ఒకసారి చూపించి ఉంటే తేలిపోయే విషయం.

టెస్ట్ ఈవెంట్‌లో (అసలు పోటీలకు ముందు సరిచూసుకోవడానికి జరిపే పోటీలో) ఏదైనా చెడితే టెన్షన్ పడకు, అది అందుకోసమే. వాకీటాకీలో మాత్రం పొడిపొడిగా మాట్లాడు. లోపలికి రానిచ్చే అక్రిడిటేషన్ కార్డు మెడలోంచి తీయకు. ఎండలో నిలబడే వాలంటీర్లకు నీళ్లు అందాయో లేదో నువ్వే వెళ్లి చూడు, ఆ పని వేరేవాళ్లది అనుకోవద్దు. అలసిన మనిషి కొలతలో తప్పుతాడు.

ముగింపు వేడుక కాగానే ఇంటికి టికెట్ తీసుకోవద్దు. పారిస్‌లో 2024 ఆగస్టు 11న ఒలింపిక్స్ ముగిస్తే, 28న దివ్యాంగుల పోటీలైన పారాలింపిక్స్ మొదలయ్యాయి. చక్రాల కుర్చీలకు ర్యాంపులు, మారే గుర్తులు, వేరే సామాను, అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే అవ్వాలి. చాలామంది అప్పటికి డీలా పడి వెళ్లిపోతారు. నువ్వు ఉండు. అమ్మకు నేను చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య