యాప్ ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతుంటే: తోటకు వచ్చే జీవులను గుర్తుపట్టే తీరు

మీ మందార కొమ్మ మీద తెల్లని దూదిలాంటి పురుగులు ఉన్నాయనీ, ఫోటో తీసి యాప్‌లో పెడితే ఒకసారి పిండినల్లి అనీ, మరోసారి పెంకు పురుగు అనీ వస్తోందనీ, పక్షుల విషయంలోనూ ఇదే అయోమయమనీ అడిగారు. కొన్నేళ్లుగా నా తోటకు వచ్చే జీవుల వివరాలు రాసిపెట్టుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను: జాతి పేరు కోసం తొందరపడకుండా, అది ఏ వర్గానికి చెందినదో ముందు మీ కళ్లతోనే తేల్చుకోండి. మందు కొట్టాలా, వదిలేయాలా అన్నది నిర్ణయించుకోవడానికి చాలాసార్లు ఆ మాత్రం తెలిస్తే సరిపోతుంది.

మీ మందార విషయంలో యాప్ రెండుసార్లూ నిజమే చెప్పి ఉండవచ్చు. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు (లేడీబర్డ్, ఇదీ పెంకు పురుగుల్లో ఒకటే) పిల్ల కూడా ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లి లాగే ఉంటుంది. భూతద్దం పట్టి చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. పిండినల్లి గుంపుగా కణుపుల దగ్గర అతుక్కుని, కదిలిస్తే తప్ప కదలకుండా, అంచున పొట్టి పోగులతో ఉంటుంది. క్రిప్టోలీమస్ పిల్ల పోగులు పొడవుగా, చిందరవందరగా ఉంటాయి, పూర్తిగా ఎదిగితే అది సెంటీమీటరు దాటుతుంది, పైగా గుంపు మధ్యలో చురుగ్గా తిరుగుతూ ఉంటుంది. పుల్లతో మెల్లగా వెల్లకిలా తిప్పితే దాని కాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ పురుగును 1891లోనే ఆస్ట్రేలియా నుంచి కాలిఫోర్నియాకు, నిమ్మజాతి తోటల్లో పిండినల్లిని అదుపు చేయడానికి తీసుకెళ్లారు. అందువల్ల తెల్లగా కనిపించిన ప్రతిదానిపైనా మందు కొడితే, మీ పని చేసిపెడుతున్న దానినే ముందుగా చంపినట్లవుతుంది. మామూలు అక్షింతల పురుగుల పిల్లలదీ ఇదే దురదృష్టం: నల్లగా, పొడవుగా, నారింజ రంగు మచ్చలతో, తల్లికి ఏ పోలికా లేకుండా ఉండి పేనుబంకను తింటుంటే, పేనుబంక పక్కన కనబడిన పాపానికి వాటినే నలిపేస్తుంటారు.

ఇక వర్గం తేల్చడానికి కాళ్లు, రెక్కలు, మీసాలు చూడాలి. రంగును చివరికి వదిలేయండి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది అదే. ఎదిగిన కీటకానికి ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. ముందు రెక్కలు గట్టి పెంకులుగా మారి వీపు మధ్యలో నిట్టనిలువు గీతగా కలిస్తే అది పెంకు పురుగు. భుజాల మధ్య త్రికోణం కనిపించి, రెక్కల చివరలు ఒకదానిపై ఒకటి పడి, సూదిలాంటి నోరు కడుపు కిందికి మడిచి ఉంటే అది రసం పీల్చే నల్లి వర్గానిది. పసుపు నలుపు చారలున్న ప్రతిదీ తేనెటీగ కాదు. గాలిలో ఒకేచోట నిలబడి, పొట్టి మీసాలతో, తలంతా కళ్లే ఉన్నట్లు కనిపిస్తే అది ఈగ జాతిది, దానికి ఉండేది ఒకటే జత రెక్కలు, అది కుట్టదు. అలాంటి ఈగలలో చాలావాటి పిల్లలు పేనుబంకను తింటాయి.

గొంగళి పురుగుల విషయంలో పురుగు ఎంత ముఖ్యమో అది తింటున్న మొక్క కూడా అంతే ముఖ్యం. నిమ్మ, కరివేపాకు మొక్కల ఆకుపై పిట్టరెట్టలాగా నలుపు తెలుపు కలిసిన చిన్న పురుగు కనిపిస్తే, అది దాదాపుగా నిమ్మ సీతాకోకచిలుకదో, కామన్ మార్మన్ సీతాకోకచిలుకదో అయి ఉంటుంది. పెరిగాక రెండూ ఆకుపచ్చగా మారతాయి, ముట్టుకుంటే తల వెనుక నుంచి రెండు పాయల ఎర్రని అవయవాన్ని బయటికి తీసి ఘాటైన వాసన వదులుతాయి. చిన్న దశలో తీసిన ఫోటోతో వీటిని వేరు చేయడం అలవాటైన వారికే కష్టం. నేనైతే అనుమానం ఉన్న పురుగును గాలి ఆడే డబ్బాలో ఉంచి, రోజూ అదే మొక్క ఆకులు వేసి పెంచుతాను. బయటికి వచ్చిన సీతాకోకచిలుక వెనుక రెక్కలకు తోకలు లేకపోతే నిమ్మ సీతాకోకచిలుక, ఉంటే సాధారణంగా కామన్ మార్మన్. ఒక్కోసారి సీతాకోకచిలుకకు బదులుగా చిన్న కందిరీగలు బయటికి వస్తాయి. అవి ఆ పురుగు లోపల పెరిగిన పరాన్నజీవులు, వాటినీ నమోదు చేసుకోవాల్సిందే.

యాప్‌కు ఒకే ఫోటో ఇవ్వకండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం వైపు ఒకటి, మొక్క ఆకు కనిపించేలా మరొకటి తీసి, అన్నిటినీ ఒకే నమోదులో కలపండి. జీవుల ఫోటోలు నమోదు చేసి గుర్తింపజేసుకునే ఐనేచురలిస్ట్ యాప్‌లో కంప్యూటర్ చూపేది సూచన మాత్రమే; ఆ తరువాత గుర్తించినవారిలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరుపై ఏకీభవిస్తేనే దాన్ని పరిశోధన స్థాయి నమోదుగా పరిగణిస్తారు. సూచనల్లో జాతి పేర్లు మారుతున్నా ప్రజాతి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు) అదే ఉంటే, ప్రజాతి దగ్గరే ఆగి నమోదు చేయడం నిజాయితీ. మరో మాట, మీ ఇంటి తోట ఫోటోలు కాబట్టి స్థలాన్ని మరుగుపరిచే ఎంపికను తప్పక పెట్టుకోండి, లేకపోతే మీ ఇల్లు ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది.

పక్షుల్లో తికమక ఎక్కువగా ఆడవాటి వల్లే వస్తుంది. గోధుమ రంగు ఒంటిపై తెల్లని చుక్కలు, ఎర్రని కళ్లు ఉన్న పక్షిని చూసి గద్ద అనుకునేవారు చాలామంది; ముక్కు కొక్కెంలా వంగి లేకుండా, అది పండ్లు తింటుంటే ఆడ కోకిల అని అనుకోవచ్చు. తేనెపిట్టల్లో గొంతు నుంచి కడుపు దాకా పసుపుగా ఉంటే ఊదా తేనెపిట్ట ఆడది, గొంతు మాత్రం తెలుపు బూడిద రంగులో ఉండి రొమ్ము పసుపైతే ఊదా నడుము తేనెపిట్ట ఆడది. అదే పసుపు ఒంటిపై గొంతు నుంచి కిందికి నల్లని చార ఉంటే అది జత కట్టే కాలం దాటిన మగ ఊదా తేనెపిట్ట. మెర్లిన్ యాప్ కూతను విని పేరు చెబుతుంది, బాగానే పనిచేస్తుంది కూడా, కానీ కొన్ని పక్షులు ఇతర పక్షుల కూతను అనుకరిస్తాయి కనుక కంటితో చూసినదాన్నే జాబితాలో చేర్చండి.

తొండకు గొంతు ఎర్రబడినంత మాత్రాన అది రక్తం తాగదు, అది మగ తొండ జత కట్టే కాలపు రంగు. పాముల విషయంలో మాత్రం పైన చెప్పిన పద్ధతి ఏదీ పాటించకండి. విషంలేని చారల పాములు కొన్ని కట్లపామును పోలి ఉంటాయి కాబట్టి దగ్గరికి వెళ్లి చారలు లెక్కపెట్టే ప్రయత్నం చేయకుండా, దూరంగా నిలబడి అది ఎటు వెళ్తోందో గమనిస్తూ పాములు పట్టే శిక్షణ ఉన్నవారిని పిలిపించండి. పేరు వారే చెబుతారు.