జీతం చీటీలో రెండక్షరాలు

జనం సంస్థాగత మతాలకు ఎందుకు దూరమవుతున్నారని అడిగారు. లోకమంతటి తరఫున చెప్పలేను గానీ జర్మనీలో నేను చూసింది చెబుతాను.

మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చి నాటిన సంఘం మాది. 2019లో ఉద్యోగానికి కొలోన్ వచ్చి చిరునామా నమోదు చేయించుకుంటుంటే దరఖాస్తులో మతం గడి కనిపించింది. ఉన్నదున్నట్టు రాశాను. మొదటి జీతం చీటీలో 'ఈవీ' (జర్మన్‌లో ప్రొటెస్టెంటుకు పొట్టి పేరు) అని రెండక్షరాలు, వాటి పక్కన 63 యూరోల కోత! చర్చి పన్నట. ఆదాయపు పన్ను మీద 9 శాతం (బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8), ప్రభుత్వమే వసూలు చేసి చర్చికి ఇస్తుంది. వద్దనుకుంటే చట్టప్రకారం సంఘం నుంచి బయటికి రావాలి. మా రాష్ట్రంలో ఆ పని కోర్టులో జరుగుతుంది, రుసుము 30 యూరోలు.

2021లో ఒక సహోద్యోగికి తోడుగా అక్కడికి వెళ్లాను. యాభై దాటిన కేథలిక్, చిన్నప్పుడు పూజలో గంట మోగించిన మనిషి. వారాల తరబడి ఎదురుచూస్తే దొరికిన తేదీ అది. గుమస్తా గుర్తింపు కార్డు చూసింది, సంతకం పెట్టించి ముద్ర కొట్టింది, కారణం అడగనే లేదు. పది నిమిషాలు పట్టలేదు. ఆ కాగితాన్ని ఆయన ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్నాడు. పోతే మళ్లీ పన్ను పడవచ్చట.

డబ్బు కోసమేనా అని అడిగాను. ముప్ఫై ఏళ్లు కట్టాను, 2018 నివేదిక చదివాక చేయి రాలేదన్నాడు. బిషప్పులే చేయించిన ఆ అధ్యయనంలో 1946 నుంచి 2014 వరకు కనీసం 3,677 మంది పిల్లలు చర్చి మతగురువుల లైంగిక అకృత్యాలకు బలైనట్టు బయటపడింది. 2022 ఒక్క ఏడాదే 5 లక్షలకు పైగా కేథలిక్కులు వెళ్లిపోయారు. అందరూ కోపంతోనే వెళ్లారనుకోను. చాలామందికి ఆ బంధం ఎప్పుడో తెగింది, జీతం చీటీ నెలనెలా దాన్ని గుర్తు చేస్తుంది. మన దగ్గర మతం వదిలేసినవాడు ఎక్కడా సంతకం పెట్టనక్కరలేదు, అందుకే లెక్కకూ రాడు.

ఆయన దేవుణ్ణి వదిలిపెట్టలేదు సుమా. వాళ్లమ్మకు మాత్రం చెప్పలేదు. బయటికి వెళ్లినవారికి పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం లేదని 2012లోనే బిషప్పులు తేల్చేశారు.

నేనింకా సంఘం నుంచి బయటికి రాలేదు. ఓసారి ఫోనులో గొణిగితే అమ్మ నవ్వింది. "జీతంలో చర్చికిచ్చే దశమ భాగంలో పావు వంతు కూడా కాదు కదరా, దానికే ఏడుస్తావా?" అంది. ఆవిడకు ఆదివారం కానుక కవరు తప్పదు. నాన్నకు జబ్బు చేస్తే అయ్యగారు, అంటే మా పాస్టరు, రాత్రి పది గంటలకు సైకిలు మీద వచ్చి, కాఫీ అయినా తాగకుండా ప్రార్థన చేసి వెళ్లారు.

"అక్కడి అయ్యగారు మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చారా?"

కాలు విరిగి ఆరు వారాలు మంచం మీద ఉన్నప్పుడు కూడా ఎవరూ రాలేదు. లేదన్నాను.

"నీ పేరైనా తెలుసా ఆయనకు?"

పన్ను నంబరు తెలుసన్నాను.