ఆయనకు ఎర్రగుంట్లలో డ్యూటీ, నాకు గండికోట వైపు బడి. కాపురం ఎక్కడ పెట్టాలి?

మీ పరిస్థితే మాది కూడా. మా ఆయనది కడప జిల్లా ఎర్రగుంట్ల పక్కన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం, నాది గండికోట వైపు టీచర్ పోస్టింగ్. రెండు చోట్లా అద్దెకున్నాను కాబట్టి చెబుతున్నా.

ఎర్రగుంట్ల అనగానే దుమ్ము అని భయపెడతారు. ఉంది, కాదనను. అంతా సున్నపురాయి నేల. అందుకే ఆ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, బండల పాలిష్ మిషన్లు. అయితే ఊరంతా ఒకేలా ఉండదు. ఇల్లు చూడ్డానికి పోతే వంటిల్లు, హాలు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. మిద్దె ఎక్కి నీళ్ల ట్యాంకు మూత మీద వేలు పెట్టి గీయండి. వేలికి బూడిదరంగు పిండి అంటిందంటే ఆ ఇల్లు వద్దు, ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి కూడా ఉండదు. పాలిష్ మిషన్ల పక్క సందులు అసలే వద్దు, రాయి కోసే చప్పుడుకు నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషికి పగలు కన్ను మూత పడదు. బోరు నీళ్లతో పప్పు ఉడకదు. మేం తాగడానికీ వంటకూ క్యాన్ నీళ్లే వాడేవాళ్లం.

మిగతాదంతా సుఖమే. ముంబై–చెన్నై లైను మీద స్టేషన్. 2016లో నంద్యాల లైను కూడా కలిసింది. ఆస్పత్రికైనా, పెళ్లి బట్టలకైనా ప్రొద్దుటూరు దగ్గరే. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు పనిచేస్తుంటారు, కొత్తవాళ్లని వింతగా చూడరు. ఇంకో మాట, 1650 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న కలమళ్ల ఈ మండలంలోదే. తొలి తెలుగు శాసనం, రేనాటి చోళ రాజు ధనంజయుడిది, దొరికిందీ ఆ ఊళ్లోనే. మా స్కూలు పిల్లలకు పొగగొట్టాలే తెలుసు, శాసనం సంగతి తెలీదు.

ఇక గండికోట. ఫొటోల్లో పెన్నా లోయ చూసి అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది, గది తీసుకున్నాను. ఊరు కోట లోపలే. ఒక పక్క లోయ, మిగతా పక్కల గోడ, నీళ్లు లేని లంక అనుకోండి. ఇనుప మేకులు దిగ్గొట్టిన ఆ పాత తలుపుల మధ్యలోంచే రాకపోకలు. సాయంత్రం చివరి బస్సు వెళ్లిపోతే అంతే సంగతులు. రాత్రిపూట జ్వరమొస్తే మందుబిళ్ల కోసం 15 కిలోమీటర్లు, జమ్మలమడుగు దాకా పోవాలి. శని, ఆదివారాలు బెంగళూరు, హైదరాబాదు కార్లు, టెంట్లు, పాటలు. సోమవారానికి మళ్లీ మాధవరాయ గుడి, మసీదు, ధాన్యాగారం, మేకలు, మేము.

మనుషులు మాత్రం బంగారం. ఇంటి ఓనరు వాళ్ల అవ్వ రోజూ "టీచరమ్మా, సంగటి తిన్యావా?" అని గడప దగ్గరే అడిగేది. తిన్నానన్నా వదలదు, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, గిన్నెలో పెట్టిచ్చి పోయేది.

మా అమ్మకేమో పెన్నా మీది గండికోట రిజర్వాయర్ టెన్షన్, ఊరు మునుగుతుందేమోనని. మీ ఇంట్లోనూ అడుగుతారు. మునిగినవి ఎగువనున్న కొండాపురం మండలం ఊళ్లు. తాళ్లప్రొద్దుటూరును 2020లో ఖాళీ చేయించారు. గండికోట ఊరు ఎత్తు మీద ఉంది, దానికేం కాలేదు.

నన్నడిగితే రెండూ కాదు, రెంటికీ మధ్యలో ఉన్న జమ్మలమడుగులో ఇల్లు తీసుకోండి. మేం చివరికి చేసింది అదే. మీకు పొద్దున బస్సు దొరుకుతుంది, సాయంత్రం ఆలస్యమైతే స్కూటీ ఉండాలి. ఆయనకు నైట్ షిఫ్టులు ఎక్కువైతే మాత్రం ఎర్రగుంట్లలో తోటివాళ్లతో కలిసి ఒక గది పంచుకోమనండి, నిద్రమత్తులో తెల్లవారుజామున బండి నడపడం కంటే ఆ అద్దె కట్టడమే నయం. ఇల్లు వెతికేటప్పుడు బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో చూసుకోండి. ట్యాంకు మూత పరీక్ష అక్కడ అక్కర్లేదు.