బార్లీ వైన్‌ని బీరులా చల్లగా తాగేయొద్దు

విజయనగరం నుంచి మీరు అడిగింది ఇది: లండన్ నుంచి వచ్చిన బావగారు బార్లీ వైన్ సీసా తెచ్చారు. 330 మి.లీ., 10.5 శాతం ఆల్కహాల్, మీద 2018 అని ఉంది. పాతబడి పాడైపోయిందా? బీరులాగే బాగా చల్లబరిచి తాగాలా?

బార్లీ వైన్ అంటే బాగా బలమైన బీరే, పాతబడినంత మాత్రాన ఇది పాడవదు. ఆ 2018 తయారైన సంవత్సరం, గడువు కాదు. పది శాతం, ఆపైన ఆల్కహాల్ ఉన్న పానీయాలకు బ్రిటన్‌లో గడువు తేదీ వెయ్యక్కర్లేదు. చల్లదనం విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి.

మాది సోంపేట వైపు. మా ఉద్దానంలో చాలామందిలాగే నేనూ ఓడ మీద పనికి వెళ్లాను. ఒక చలికాలం లివర్‌పూల్‌లో ఆగినప్పుడు పబ్బులో ఈ పేరు చూసి పెద్ద గ్లాసు అడిగితే, కౌంటర్ దగ్గరి పెద్దాయన పోయలేదు. పైంటులో మూడో వంతు, అంటే 190 మి.లీ. దాకా చిన్న గ్లాసులో పోసి, అది అయ్యేసరికి అరగంట పట్టాలన్నాడు. నిజంగానే పట్టింది. మొదటి గుక్కలో తీపీ చేదూ తప్ప ఏమీ తెలియలేదు. గ్లాసు చేతిలో కాస్త వెచ్చబడ్డాక తాటిబెల్లం, ఎండు ఖర్జూరం, చివర్లో బాగా ముదిరిన మామిడి తాండ్ర వాసన వచ్చాయి. భీమాళి తాండ్ర తిన్న మీకు ఆ వాసన నేను చెప్పక్కర్లేదు.

పేరులో వైన్ ఉన్నా ద్రాక్షతో సంబంధం లేదు. ఇది మొలకెత్తించిన బార్లీతో చేసే బీరే, బలం వైన్ అంత ఉంటుంది. మన ఇళ్లలో కొబ్బరి పాలు తీయడం గుర్తు చేసుకోండి. మొదటి పిండు చిక్కగా, మళ్లీ నీళ్లు పోసి తీసిన రెండో పిండు పల్చగా ఉంటాయి కదా. పాత రోజుల్లో ఇంగ్లండ్‌లో ఇదే పద్ధతి: బార్లీ మాల్ట్ నుంచి మొదట దిగే చిక్కటి రసంతో బలమైన బీరు, తర్వాతి రసంతో పల్చటి బీరు. ఆ చిక్కటి రసం చాలాసేపు మరిగితే పాకం రుచి పడుతుంది. ఇంగ్లండ్‌లో బర్టన్ అనే ఊళ్లోని బాస్ కంపెనీ వాళ్ల నంబర్ వన్ ఈ రకంలో పాతకాలం నుంచి పేరున్న బీరు. అమెరికాలో యాంకర్ వాళ్ల ఓల్డ్ ఫాగ్‌హార్న్ 1975లో, సియెర్రా నెవాడా వాళ్ల బిగ్‌ఫుట్ 1983లో మొదటిసారి తయారయ్యాయి. అమెరికా రకాల్లో హాప్స్ అనే, బీరులో వేసే పూల చేదు ఎక్కువ. నాకు ఇంగ్లండ్ రకమే ఇష్టం.

నేను రెండు సీసాలు ఇంటికి తెచ్చాను. ఒకటి ఫ్రీజర్‌లో పెట్టి, కారంగా వేయించిన రొయ్యలతో తాగాం. వాసన మొత్తం చచ్చిపోయింది, కారానికి గొంతు మండింది. రెండోది అటక మీద పెడితే ఎండాకాలం వేడికి పాడై, తడిసిన అట్టపెట్టెలాంటి వాసన పట్టింది. ఇప్పటికీ ఆ సీసా తలుచుకుంటే బాధేస్తుంది.

మీరు సీసాను ఫ్రిజ్‌లో ఒక రోజు నిలబెట్టి ఉంచండి, అడుగున ఈస్టు మడ్డి ఉంటే దిగుతుంది. బయటికి తీసి అరగంట ఆగండి, ఎండాకాలమైతే పావుగంట చాలు. పన్నెండు డిగ్రీల దగ్గర బాగుంటుంది. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గాజు గ్లాసులో మూడో వంతే పోసి, ముందు వాసన చూడండి. తినడానికి ఉప్పు వెయ్యకుండా దోరగా వేయించిన పలాస జీడిపప్పు, ఒక అరిసె ముక్క. ఇంగ్లండ్‌లో స్టిల్టన్ అనే నీలి చారల చీజ్‌తో తాగుతారు గానీ, అరిసెతో నాకు ఇంకా బాగా కుదిరింది.

సీసా చిన్నదే కదా అనుకోవద్దు. అందులో దాదాపు 35 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది, విస్కీ లార్జ్ పెగ్గు కంటే ఎక్కువ. ముగ్గురు పంచుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఆ రాత్రి బండి ఎవరూ తీయొద్దు.

రోష్‌ఫోర్ 10 లాంటి బెల్జియం బీర్లు, ఇంపీరియల్ స్టౌట్‌లనే బలమైన నల్ల బీర్లు దొరికినా ఇలాగే తాగండి. ఈ సీసాను మాత్రం ఎండలు ముదిరే మే దాకా దాచకండి. సంక్రాంతికి ఇంట్లో అరిసెలు ఉంటాయి, బావగారు అప్పటిదాకా ఉంటే ఆయనతో కలిసి తెరవండి.