కోళ్ల షెడ్డుకు 45 వేల అప్పు చేయాలా?

ప్రశ్న: మాది ఘట్‌కేసర్ దగ్గర సొంతిల్లు. ఇద్దరం ఉద్యోగస్తులం, ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. ఒక్కోటి 600 పెట్టి కొన్న 12 నాటుకోళ్లలో మూడు నెలల్లో ఏడు పోయాయి. రాత్రిళ్లు ముంగిస ఎత్తుకుపోతోందంటున్నారు. 45,000 రూపాయల రెడీమేడ్ షెడ్డు క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద కొందామని మా వారు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దమ్మా. మిగిలిన ఐదు పెట్టలు నెలకు తలా 12 గుడ్లు పెట్టినా మొత్తం 60. గుడ్డు 12 రూపాయలు వేసుకుంటే 720. మేత ఖర్చు తీయకపోయినా ఆ 45,000 తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. కార్డు వడ్డీ దానికి అదనం.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఆ ఏడున్నర. చలికాలంలో మనకు ఆరు లోపే పొద్దుగూకుతుంది. చీకట్లో కోడికి చూపు ఆనదు, కూర్చున్నచోటే ఉండిపోతుంది. అప్పటినుంచి మీరొచ్చేదాకా తలుపు బార్లా తెరిచి ఉంటే ఎంత ఖరీదైన షెడ్డయినా ఏం లాభం? మా అమ్మ కోళ్లను గంప కింద కమ్మి, పైన రాయి పెట్టాకే పొయ్యి ముట్టించేది. పొద్దుగూకగానే కోళ్లను మూసే పని పక్కింటివాళ్లకు అప్పగించి వారానికి నాలుగు గుడ్లు ఇవ్వండి. నెలకు 200 పైచిలుకు అవుతుంది. ఇప్పుడు నెలకు 1,400 రూపాయల కోళ్లు పోతున్నాయి కదా.

ముంగిస పగలు తిరిగే జీవి. రాత్రి వచ్చేది ఎక్కువగా పిల్లి, కుక్క, పునుగుపిల్లి. దేనికీ విషం, ఉచ్చు పెట్టకండి. ముంగిసకూ అడవిపిల్లికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, కేసయితే ఖర్చూ టెన్షనూ మీకే.

ఉన్న గూటినే బాగుచేయించండి. ఇప్పటికి పోయినవి 4,200 రూపాయల కోళ్లు. మరమ్మతు అంతలోపే, చేతిలో ఉన్న డబ్బుతోనే కావాలి. పల్చటి కోళ్ల జాలిని కుక్క పళ్లతో చింపేస్తుంది. అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ (తీగలు అతికించిన గట్టి ఇనప జాలి) బిగించి, కింది అంచును అడుగు వెడల్పున బయటికి మడిచి మట్టి కప్పించండి. గోడ పక్కన తవ్వే జంతువు గోళ్లకు జాలే తగులుతుంది. తలుపు కింద బొటనవేలు దూరితే ఆ సందులో పామూ దూరుతుంది, చెక్క కొట్టించండి.

రెండు నెలలు ఒక్క కోడీ పోకపోతే అప్పుడు కొత్తవి కొనండి. గుడ్ల కోసమైతే మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ రకం కోడిపిల్లల గురించి అక్కడే అడగండి.